వెనక్కి నడిచిన డెబ్బై నాలుగో నంబరు బస్సు

మా కంప్యూటర్ గదిలోకి ప్రవేశించడానికి ఆరు నియమాలు ఉండేవి. ఆరింటినీ నేనే రూపొందించాను. అట్ట మీద నల్ల సిరాతో రాసి తలుపుకు తగిలించాను. చెప్పులు బయట వరుసగా విడవాలి. చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. గదిలో మాట్లాడరాదు. ఇలాంటివి ఐదు. ఆరవది అన్నిటికన్నా ముఖ్యమైనది. యంత్రం ముందు కూర్చునే ముందు ప్రోగ్రామంతా గళ్ల కాగితం మీద పెన్సిలుతో రాసి, ఒక్కొక్క వరుసనూ చేతితో లెక్కగట్టి చూపించి, నా ఎర్ర సంతకం తీసుకోవాలి.

నేడు ఈ చదువు చదువుతున్న యువతకు ఈ కట్టుబాట్లు నవ్వు తెప్పించవచ్చు. అప్పట్లో నలభై మంది విద్యార్థులకు మూడు యంత్రాలు. ఒక్కొక్కరికి వారానికి దక్కేది అరగంట. ఆ అరగంటలో ఆలోచిస్తూ కూర్చునే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. ఆలోచన గది బయటే ముగించుకుని రావాలి.

ఇది ఎనభైల చివరి సంవత్సరాల మాట. కరీంనగర్ ప్రాంతంలోని ఒక పాలిటెక్నిక్‌లో నేను గణితం చెప్పేవాణ్ణి. మాకు కంప్యూటర్ డిప్లొమా మంజూరైంది కానీ దానిని చెప్పగలవారు ఎవరూ లేరు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీరు క్రమశిక్షణ గల మనిషి. యంత్రాలు మీ చేతిలో భద్రంగా ఉంటాయి" అని ఆరు వారాల శిక్షణకు హైదరాబాద్ పంపారు. నాకు విషయం తెలుసునని ఆయన అనలేదు, భద్రంగా ఉంటాయనే అన్నారు. తిరిగి వచ్చేసరికి విద్యార్థులకన్నా రెండు పాఠాలు ముందున్నాను. ఆ రెండు పాఠాల దూరాన్ని మూడేళ్లపాటు ఎంతో శ్రమపడి కాపాడుకున్నాను.

ఆరవ నియమానికి నేను ఒక అనుబంధం కూడా చేర్చాను. చేతితో సరిచూసే లెక్కలు చిన్నవిగా ఉండాలి. రెండు, మూడు, ఐదు వంటి అంకెలు తీసుకోవాలి. వేళ్ల మీద సరిచూడగలగాలి. కూడిక రెండుకూ మూడుకూ సరిపోతే రెండు వేలకూ మూడు వేలకూ సరిపోతుంది. గణితంలో చిన్న అంకెకొక న్యాయం, పెద్ద అంకెకొక న్యాయం ఉండవు. ఇరవై ఏళ్లు గణితం చెప్పినవాడికి ఇందులో సందేహించవలసినది ఏముంటుంది?

చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేయాలి. ఎక్కువ మంది గ్రంథాలయ పుస్తకాల జాబితానో, మార్కుల పట్టికనో ఎంచుకునేవారు. అవి రెండూ వేరే కళాశాలల వారివి సిద్ధంగా దొరికేవి కాబట్టి ఆ ఎంపికలోని వివేకం నాకు అర్థమయ్యేది. ఒక అమ్మాయి మాత్రం బస్సులను ఎంచుకుంది.

ఆమెది లక్సెట్టిపేట. తండ్రి వ్యవసాయం చేసేవారు. క్లాసులో వెనుక వరుసలో కూర్చుని, పాఠం ముగిసిందని నేను పుస్తకం మూసిన తరువాత చేయి ఎత్తేది. "గది అట్ల జేయకపోతె ఏమైతది సార్?" అనేది ఆమె శాశ్వత ప్రశ్న. చెప్పినట్లు చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికే మిగతావారికి తీరిక చాలదు. ఈమెకు చేయకపోతే ఏమవుతుందో కావాలి. చాలాసార్లు నాకు సమాధానం తెలిసేది కాదు. "అది పాఠ్యప్రణాళికలో లేదు" అనేవాణ్ణి. అది ఎప్పుడూ నిజమే.

ఇంటికి వెళ్లే దారిలో ఒకసారి ఆమె ఎక్కిన బస్సు ఆగిపోయిందట. మరమ్మతుకు డిపో నుంచి వచ్చిన పెద్ద మెకానిక్‌ను ఆమె గంటసేపు ప్రశ్నలడిగింది. ఏ బండికి ఎప్పుడు పెద్ద తనిఖీ చేయాలో ఎలా తెలుస్తుందని అడిగితే, కిందటి తనిఖీ తరువాత ముప్పై వేల కిలోమీటర్లు దాటిన బండిని దింపి, విప్పి చూస్తామని ఆయన చెప్పాడు. నెల నెలా ప్రతి బండి తిరిగిన దూరం కార్డుల మీద రాసి, కూడి చూసుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుందనీ చెప్పాడు. ఆ కూడికను యంత్రం చేత చేయించి, తనిఖీకి రావలసిన బస్సుల జాబితా తీయడం ఆమె ప్రాజెక్టు. పని చిన్నదే, పద్ధతిగా ఉంది. నేను అనుమతించాను.

ఆ మెకానిక్ మా పట్టణపు ముస్లిం కుటుంబీకుడు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా. ఆమె డిపోకు వెళ్లి వివరాలు రాసుకుంటుండగా ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఆయన నన్ను తేరిపార చూసి, "మీరేనా ఆ డబ్బాల మాస్టర్?" అన్నాడు.

"నేను కంప్యూటర్ విభాగానికి బాధ్యుణ్ణి" అన్నాను.

"అరె, పుస్తకం లెక్క మాట్లాడుతరు సాబ్ మీరు" అని, ఆమె వైపు తిరిగి, "బేటీ, ఇంట్ల గూడ గిట్లనేనా?" అన్నాడు.

"నాకేమెర్క చాచా, కాలేజీల మాత్రం గిట్లనే" అంది ఆమె, నా ముఖం చూడకుండా.

ప్రోగ్రాం రాసిన గళ్ల కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. రాత శుభ్రంగా ఉంది. చిన్న లెక్కలు మూడు వేసి చూపించింది. మూడూ సరిగ్గా ఉన్నాయి. వాటి కింద నాలుగో పట్టిక ఒకటి గీసి, డిపోలో రాసుకొచ్చిన అసలైన కిలోమీటర్లు నింపింది. ఒక్కొక్కటీ తొమ్మిది వేలు, తొమ్మిదివేల మూడు వందలు.

"ఇది ఏమిటి?"

"అసలు లెక్కలు సార్. అవి గూడ యంత్రంల ఏసి చూద్దామని."

"మూడూ సరిపోయాయి కదా. ఇది ఎందుకు?"

"ఏమైతదో చూద్దామని సార్."

"ఏమీ కాదు. కూడిక కూడికే. ఇరవై బస్సుల లెక్కలు కొడుతూ కూర్చుంటే నీ అరగంట దానికే అయిపోతుంది, వెనుక వరుసలో మరొకరు నిలబడి ఉంటారు" అన్నాను. ఎర్ర కలంతో నాలుగో పట్టికను మూల నుంచి మూలకు కొట్టివేసి, పక్కన 'అనవసరం' అని రాసి, కింద సంతకం చేశాను. ఆమె కాగితం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సంవత్సరం ఆమెకు ఈ ప్రాజెక్టు అందరికన్నా ఎక్కువ అవసరం. బొగ్గు గనుల వైపు ఒక కార్యాలయంలో కంప్యూటర్ సహాయకురాలిగా తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. పరీక్ష జరిగే నెలాఖరులోగా ఉత్తీర్ణత పత్రం చూపితే చేరవచ్చు. లేకపోతే ఆ స్థానం మరొకరికి. ప్రాజెక్టు తప్పితే మళ్లీ ఆరు నెలలకు గానీ పరీక్ష లేదు. మా కోర్సు మొదటి జట్టులో ఉద్యోగ ఉత్తర్వు చేతికి వచ్చింది ఆమెకొక్కదానికే. ఆ కాగితం నకలు మా స్టాఫ్ గదిలో చేతులు మారింది. నేనూ దానిని రెండుసార్లు చదివాను.

పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నాకన్నా పదేళ్లు చిన్నవాడు. తక్కువ మాటల మనిషి. ఉదయమంతా పుస్తకాల జాబితాలు, మార్కుల పట్టికలు చూసి అలసిపోయాడు. మధ్యాహ్నం భోజనం తరువాత ఆమె వంతు వచ్చింది. మెకానిక్‌ను ఆమె రమ్మని పిలిచింది. ఆయన చేతిలో నెలవారీ లెక్కల డైరీ ఉంది. చెప్పులు విడవమని తలుపు దగ్గర నేను చెప్పగా, "మసీదుల దప్ప ఎక్కడ విడువలేదు సాబ్" అంటూనే విడిచాడు.

ఆమె తన చిన్న లెక్కలు నడిపి చూపించింది. పరీక్షకుడు తల ఊపి, "ఇవి మీ గైడ్ గారు ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఈయన తెచ్చినవి కొట్టండి" అన్నాడు.

మెకానిక్ చదివాడు, ఆమె కొట్టింది. ఇరవై బస్సులు, ఒక్కోదానికి నాలుగు నెలల దూరాలు. ప్రింటర్ కీచుమంటూ జాబితా తీసింది. ముప్పై వేలు దాటిన బస్సులు ఆరు. మెకానిక్ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"డెబ్బై నాలుగేది బేటీ? గేరు మారిస్తెనే మూల్గుతున్నది గా బండి. గదే మొదలు రావాలె."

"అన్ని బండ్ల మొత్తాలు తీసి చూపియ్యనా చాచా?" అంది ఆమె. తీసింది. డెబ్బై నాలుగో నంబరు బస్సు ఎదుట, ఒక చిన్న అడ్డగీత తరువాత, ఇరవై తొమ్మిదివేల నూట ముప్పై ఆరు ఉంది. అంటే అంత మేర సున్నాకన్నా తక్కువ.

మెకానిక్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాలుగు నెలలు రివర్స్ గేర్ల నడిపిండ్రా ఏంది దీన్ని?"

గది బయట నిలబడి చూస్తున్న విద్యార్థులు నవ్వారు. పరీక్షకుడు నవ్వలేదు. అలాంటి బస్సులు మరో మూడున్నాయి. కొంచెం ఆలస్యమైన బస్సులు జాబితాలోకి వచ్చాయి. బాగా ఆలస్యమైనవే మాయమయ్యాయి. తనిఖీ కోసం రాసిన ప్రోగ్రాం, తనిఖీ అత్యవసరమైన బండ్లనే దాచిపెట్టింది.

"ఈ పరిమాణంలోని అంకెలతో ఎప్పుడైనా పరీక్షించారా?" అని పరీక్షకుడు ఆమెను అడిగాడు.

ఆమె ముందు గళ్ల కాగితాల దొంతర ఉంది. నాలుగో పట్టిక, దాని మీద నా ఎర్ర గీత, పక్కన నా మాట, కింద నా సంతకం అన్నీ ఆ దొంతరలోనే ఉన్నాయి. ఆమె దానిని తెరవలేదు.

"లేదు సార్. పొరపాటైంది."

"ఎందుకు చేయలేదు?"

"చెయ్యలే సార్."

ఆయన తన పుస్తకంలో పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. అంతలో అటెండర్ చాయ తెచ్చాడు. నేను చాయ తాగాను. మొత్తం గ్లాసు తాగాను. ఈ విషయం రాయకుండా ఉంటే బాగుండునని నాకూ ఉంది, కానీ జ్ఞాపకం రాసేవాడు తనకు నచ్చినవే ఏరుకుంటే దానిని అభినందన సభ అంటారు. ఆ చాయ తాగుతున్నంతసేపూ నా బుద్ధి నాకు మంచి వాదనలే అందించింది. ప్రోగ్రాం రాసింది ఆమె. నియమం అందరికీ ఒకటే. గైడ్ పని ప్రోత్సాహమే గాని పూచీ కాదు. అన్నీ సక్రమమైన వాదనలే. గ్లాసు కింద పెట్టాక మాత్రం నా చేతికి వేరే పని దొరకలేదు. దొంతరలోంచి ఆ కాగితం తీసి పరీక్షకుడి ముందు పెట్టాను.

"ఆమె పరీక్షిస్తానని అడిగింది. నేను వద్దన్నాను. ఇది నా రాత" అన్నాను.

ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. "గైడ్ పొరపాటుకు విద్యార్థికి మార్కులు వేసే నిబంధన నా దగ్గర లేదండీ. జాబితా తప్పు, అంతే. నా బస్సు నాలుగింటికి. ఇప్పుడు రెండున్నర. ఈలోగా కారణం కనిపెట్టి, సరిచేసి, నడిపి చూపిస్తే చూస్తాను. లేకపోతే లేదు." ఆయన వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

అప్పటివరకూ తల వంచుకుని ఉన్న అమ్మాయి ముఖం మారింది. భయపడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. తన శాశ్వత ప్రశ్నకు గంటన్నర సమయం దొరికినట్లుంది ఆమెకు.

"ఎక్కడ తిరిగిపోతదో చూద్దాం సార్ ముందుగాల."

ముప్పై రెండు వేలు కొట్టింది. సరిగ్గా ఉంది. ముప్పై మూడు వేలు కొట్టింది. సున్నాకు కిందికి పడింది. మధ్యలో ముప్పై రెండున్నర వేలు, సరిగ్గా ఉంది. ఇలా సగం సగం తగ్గించుకుంటూ వెళ్లింది. నేను పక్కన కూర్చుని ప్రతి ఫలితాన్నీ రాసుకున్నాను. మా మూడేళ్లలో ఆమె అడిగితే నేను రాసుకోవడం అదే మొదటిసారి. చివరికి ముప్పై రెండువేల ఏడు వందల అరవై ఏడు దగ్గర ఆగాము. అంతవరకు అంకె బుద్ధిగా ఉంది. దానికి ఒకటి కలపగానే అంత పెద్ద సంఖ్యా ఒక్క గెంతులో సున్నాకు దిగువన, అట్టడుగున ఉంది.

"గక్కడనే ఎందుకు సార్?"

"నాకు తెలియదు" అన్నాను. ఆ గదిలో ఆ మాట నేను అంతకుముందు అనలేదు.

మెకానిక్ అప్పటిదాకా గోడ దగ్గర స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. "ఇందుల పరేషాన్ ఏమున్నది సాబ్? మీటరు తిరిగింది" అన్నాడు.

"ఏ మీటరు?"

"బస్సుల మీటరుకు అయిదు గళ్లుంటయి గద. తొంబై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంబై తొమ్మిది అయినంక ఏమైతది? అన్ని సున్నలు పడ్తయి. బండి కొత్తదైందా? కాలే. మీటరుకు జాగ సరిపోలే, గంతే. మీ డబ్బాల మీటరుకు గింత జాగనే ఉన్నదేమో."

నేను బీరువా తెరిచి నా శిక్షణ నోట్సు తీశాను. మూడో వారంలో, గుండ్రటి అక్షరాలతో, ఒక పూర్ణాంకానికి యంత్రం కేటాయించే స్థలం ఎంతో, అందులో ఇమిడే అతి పెద్ద సంఖ్య ఏదో రాసి ఉంది. ఆ స్థలంలో సగం సున్నాకు పైనున్న అంకెలకు, సగం దిగువన ఉన్న అంకెలకు. పై అంచు దాటితే దిగువ అంచుకు పడుతుంది. ఆ వాక్యం కింద స్కేలుతో రెండు గీతలు గీశాను. నేర్చుకున్నాను, అందంగా గీత గీశాను, బీరువాలో పెట్టి తాళం వేశాను. నా నోట్సు ఎప్పుడూ చాలా భద్రంగా ఉండేవి.

"మరి మీటరు తిరిగితే అసలు కిలోమీటర్లు మీకెట్ల తెలుస్తయి చాచా?" అమ్మాయి అడిగింది.

"బానెట్ మూత లోపల ఉలితో ఒక గీత కొడ్తం. ఒక్క గీతంటె ఒక్క చుట్టు. మీటరు సున్నలకు వచ్చినా, గీత పోదు గద."

ఆమె అప్పటికే పెన్సిలు అందుకుంది. మొత్తాన్ని ఒకే గడిలో ఉంచకుండా రెండు గళ్లుగా విడదీసింది. ఒకటి విడి కిలోమీటర్లకు, మరొకటి వేలకు. మొదటి గడిలో వెయ్యి నిండిన ప్రతిసారీ అది తీసేసి రెండో గడిలో ఒక గీత చేర్చాలి. రెండో గడి ముప్పైకి చేరితే బస్సు జాబితాలోకి రావాలి. పది వరుసల మార్పు. గళ్ల కాగితం మీద రాసి, అలవాటు చొప్పున నా ముందు సంతకానికి పెట్టింది. నేను కలం మూత తీయకుండా, "నడిపి చూడు" అన్నాను.

మొదటిసారి ఒక అక్షరం తప్పు పడి ఆగిపోయింది. రెండోసారి నడిచింది. ఈసారి జాబితాలో పది బస్సులున్నాయి. డెబ్బై నాలుగో నంబరు బస్సు అన్నిటికన్నా పైన, ముప్పై ఆరువేల నాలుగు వందలతో ఉంది. మెకానిక్ డైరీ తీసి చేత్తో కూడి చూశాడు. సరిపోయింది. శభాష్ అనలేదు, చప్పట్లు కొట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆఫీసుల ఫోనున్నదా సాబ్? డెబ్బై నాలుగు లక్సెట్టిపేట పోయింది. తిరిగొచ్చినంక రేపు పొద్దుగాల పంపద్దని జెప్పాలె."

ఆయన ఫోను కోసం ఆఫీసు వైపు వెళ్లాడు. పరీక్షకుడు వాచీ పెట్టుకుని, పెన్సిలు రాతను చెరిపి, కలంతో రాశాడు. మూడుంపావు అయింది. ఆలస్యానికి కొన్ని మార్కులు తగ్గించానని చెప్పాడు, అది న్యాయమే. రిమార్కుల గడిలో ఏం రాయమంటారని నన్ను అడిగాడు. "విద్యార్థి అడిగిన పరీక్షను గైడ్ నిరాకరించాడని రాయండి" అన్నాను. "దానికి అంత చోటు లేదండీ" అని 'తృప్తికరం' అని రాశాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఆమె ఉత్తీర్ణత పత్రం వచ్చింది. తీసుకోవడానికి ఆమె ఒక్కతే వచ్చింది. నకలు మీద సంతకాలన్నీ అయ్యాక, వెళ్లబోతుండగా, ఎన్నో రోజులుగా నాలో ఉన్న ప్రశ్న అడిగాను. "ఆ రోజు పరీక్షకుడు ఎందుకు చేయలేదని అడిగినప్పుడు, నేను కొట్టేసిన కాగితం నీ ముందే ఉంది. ఎందుకు చూపించలేదు?"

ఆమె పత్రాన్ని సంచీలో పెట్టుకుంది.

"మీరు జెప్తరేమో చూద్దామని సార్."

"చెప్పకపోయి ఉంటే?"

"చెప్పిండ్రు గద సార్" అంది ఆమె. "జర ఆల్సెమైంది, గంతే."